ట్యాంకు మూతా, పోటీ కప్పూ

లేత్ మిషను మీద నలభై రెండేళ్లు పనిచేసి, ప్రస్తుతం డెబ్బై నాలుగేళ్ల వయసులో ఉన్న నేను, మతి స్థిమితంగా ఉండగా, ఎవరి బలవంతమూ లేకుండా, నా భార్యాపిల్లలకూ, దీన్ని అమలుచేసే వకీలుగారికీ రాసి ఇస్తున్న వీలునామా. చెయ్యి కాస్త వణుకుతోంది గాని బుర్ర వణకడం లేదు. అనుమానమున్నవాళ్లు వచ్చి ఇంజను భాగాల పేర్లు అడిగి చూసుకోవచ్చు.

1. ఇల్లూ, బ్యాంకులో ఉన్నదీ నా తదనంతరం నా భార్యకు సర్వహక్కులతో చెందవలెను. నా మోటారు సైకిలును ఆమె మొదటినుంచీ ‘మా సవతి’ అంటోంది. ఆదివారాలన్నీ సవతికే ఇచ్చాననడం నిజమే. ఒప్పుకుంటున్నాను.

2. లేత్ మిషను, పనిముట్లు మా పెద్దాడికి. నేర్చుకోరా అంటే చేతులు నల్లబడతాయన్నాడు కనుక అమ్ముకున్నా నాకు అభ్యంతరం లేదు. కొలతలు తీసే కాలిపర్సును మాత్రం అమ్మకూడదు. చిన్నప్పుడు ఏటా వాడి బొటనవేలు మందం దానితోనే కొలిచి షెడ్డు గోడ మీద రాసేవాణ్ణి.

3. ఒంటి సిలిండరు మోటారు సైకిలు, దాని కాగితాలతో సహా, మా అమ్మాయికి. పెద్దాడు నొచ్చుకుంటాడని తెలుసు. కిందటిసారి దుమ్ము పడుతుందని బండిని వ్యానులో ఎక్కించి పాత బండ్ల ర్యాలీకి తెచ్చినవాడికి ఎలా ఇస్తాను? అమ్మాయి చెప్పులతోనే రెండో కిక్కుకు స్టార్టు చేస్తుంది. ఏటా రోడ్డు మీద నడిపే తీసుకెళ్లవలెను.

4. ఇప్పుడు రాసేది నా భార్యకు కూడా తెలియదు. పన్నెండేళ్ల కిందట పాత బండ్ల క్లబ్బు ప్రదర్శనలో, ఒక్క భాగమూ మార్చని బండి అని నాకు కప్పు ఇచ్చారు. ఆ బండి ట్యాంకు మూత అసలుది కాదు. అసలుది దారిలో ఎక్కడో పడిపోతే, ఇత్తడి ముక్క లేత్‌కు బిగించి, మరలు కోసి, కంపెనీ ముద్ర చేత్తో చెక్కి, పదహారు రోజుల్లో నేనే చేశాను. దరఖాస్తులో ‘మార్చిన భాగాలు’ అన్న గడి ఖాళీగా వదిలేశాను. మరిచిపోయానని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను. మరిచిపోలేదు.

న్యాయనిర్ణేత భూతద్దం పెట్టి చూసి, “మూతంటే ఇదండీ! ఇలాంటివి ఇప్పుడెవరు చేస్తారు?” అన్నాడు. ఛాతీ ఉప్పొంగి, కప్పు రెండు చేతులా అందుకున్నాను.

గడియారాలు బాగుచేసే నా బావమరిది, అదే పోటీకి తన బండిని పెట్టి, హెడ్‌లైటు అద్దం మార్చానని నిజం రాసి, ఒక్క మార్కుతో ఓడిపోయాడు. తరవాత తన కంటి అద్దం పెట్టుకుని నా మూతను చూసి, “ఈ చేతికి దణ్ణం పెట్టాలి బావా” అన్నాడు. అందరూ బండిని మెచ్చుకుంటుంటే అతనొక్కడే చేతిని మెచ్చుకున్నాడు. తెలిసీ ఇంతవరకు ఎవరితోనూ అనలేదు. నాలుగు తిట్టినా బాగుండేది. ఆ మంచితనం మీద నాకింకా కోపం తీరలేదు.

కనుక వచ్చే నెల ఇరవై నాలుగున క్లబ్బు యాభయ్యేళ్ల ర్యాలీకి మా అమ్మాయి బండి నడుపుకుంటూ వెళ్లి, మైకులో ఈ సంగతి చెప్పి, కప్పు మేనమామ చేతికి ఇవ్వవలెను. బండిని ప్రదర్శనలో ఉంచవలెను గాని పోటీకి పెట్టరాదు. ముందు పెట్టే అట్ట మీద, ‘ట్యాంకు మూత: యజమాని స్వహస్తాలతో చేసినది’ అని పెద్ద అక్షరాలతో రాయవలెను. తప్పు ఒప్పుకుంటున్నాను. పనితనం దగ్గర మాత్రం తగ్గేది లేదు.

5. పై అంశం రాసి ఒకసారి చదువుకున్నాక సిగ్గేసింది. గుండె ఇంకో ఏడాది దాకా ఫరవాలేదని డాక్టరు చెప్పాడు. బతికి ఉన్న మనిషి చెప్పాల్సిన మాట కూతురి నెత్తిన పెట్టడమేమిటి? కాబట్టి ర్యాలీ రోజుకు నేను బతికి ఉంటే నాలుగో అంశం రద్దు. మైకు నేనే పట్టుకుంటాను.

తేదీ: ఫిబ్రవరి 11, 2024, ఆదివారం

(సంతకం) లేత్ మాస్టరు

సాక్షులు:
1. పక్కింటి పోస్టుమాస్టరు
2. వీధి చివరి మందుల షాపు యజమానురాలు