స్వాతికి ఎన్నో నెల?

మంగళవారం, రాత్రి

పొద్దున దీపం పెట్టి సహస్రనామం సగం చదివానో లేదో, చెల్లెలు లక్ష్మి కూతురు స్వాతి ఫోన్ పట్టుకుని ఏడుస్తూ వచ్చింది. వచ్చే వారం భర్త దగ్గరికి జర్మనీ వెళ్లాలి. అక్కడి ఆసుపత్రిలో కాన్పుకు పేరు రాయించుకోవడానికి కాగితాలు పంపితే, ఏది నిజమని అడిగారట. స్కానింగులో ఏడో నెల. దమ్మపేటలో లక్ష్మి దగ్గరుండి రాయించిన తల్లీబిడ్డల కార్డులో ఐదో నెల.

లక్ష్మిని పిలిచి అడిగాను.

"దిష్టి తగుల్తదని రెండు నెలలు తగ్గించి చెప్పిన అక్కా. అందరికీ గట్లనే చెప్పిన గదా!"

"కార్డు రాసే ఆశా వర్కర్ కూడా దిష్టి పెడ్తదా?"

"ఆమెకు మాత్రం కళ్లు లేవా ఏంది?"

ఆ దేవుడు రామయ్యే నా నోరు పట్టుకున్నాడు, లేకుంటే దాన్ని ఏమనేదాన్నో. లెక్క తేలకపోతే అక్కడ పేరు రాసుకోరు. ఇంకా ఆలస్యమైతే విమానం ఎక్కనివ్వరు. కడుపుతో ఉన్న పిల్లకు ఈ తిప్పలేమిటి...

సాయంత్రం అందరం కూర్చుని తేల్చాం. రేపు నేనే స్వాతిని తీసుకెళ్లి కార్డు దిద్దిస్తాను, ఖమ్మంలో డాక్టరమ్మతో ఉత్తరం రాయిస్తాను. లక్ష్మి ఒక్క షరతు మీద ఒప్పుకుంది: వాడకట్టులో మాత్రం ఇంకా ఐదో నెలే.