ముప్ఫయ్యో కాగితం

డాక్టరమ్మగారికి,

మీ నర్సు బేకరీలో కూర్చుని రాస్తున్న ఉత్తరమిది. డిప్రెషన్‌ని కనిపెట్టే మన ప్రశ్నల కాగితం ఆరోగ్యంగా ఉన్నవాళ్ల మీద ఎలా పనిచేస్తుందో చూడమన్నారు కదా. చూశాను. ఆకలి, నిద్ర గురించిన రెండు ప్రశ్నలు మార్చాల్సిందే, నాకు అనుమానం లేదు.

ఇక్కడ పనిచేసే ముప్ఫైమందిలో తొమ్మిదిమందికి జబ్బుందని కాగితం చెప్పింది. ఆ తొమ్మిదిమందితోనూ విడివిడిగా మాట్లాడాను. ఎనిమిదిమంది నిక్షేపంగా ఉన్నారు. తొమ్మిదో ఆవిడను రేపు మీ దగ్గరికి పంపుతున్నాను.

పొయ్యి దగ్గర పనిచేసే పెద్దాయనైతే పగలబడి నవ్వాడు. "పొద్దస్తమానం రొట్టెల వాసన పీల్చేవాడికి ఆకలేంటమ్మా? తెల్లారుజామున మూడింటికి లేచేవాడికి నిద్రేంటి?" అన్నాడు. పక్కనున్నవాళ్లంతా నవ్వారు. నేనూ నవ్వబోయాను, నవ్వు రాలేదు. పోయిన వేసవి నుంచీ రావడం లేదు.

అందుకే ఇంకో మాట. ఏ జబ్బూ లేదని సున్నా మార్కులు వచ్చినవాళ్లను మనం ఒక్కరినీ పిలిచి అడగలేదు. వాళ్లతోనూ మాట్లాడాలి. ముందు ముప్ఫయ్యో కాగితం తియ్యండి. ఆ రోజు ఒకరు పనికి రాలేదు. లెక్క తగ్గకూడదని అది నేనే నింపాను. చెయ్యకూడని పని, ఒప్పుకుంటున్నాను. ఏ జవాబుకి ఎన్ని మార్కులో నాకు కంఠతా వచ్చు. అన్నిటికీ సున్నా పడేలా చకచకా టిక్కులు పెట్టేశాను.

ఆ కాగితం కొట్టేయండి. గురువారం పదింటికి వస్తాను. అవే ప్రశ్నలు నన్ను నోటితో అడగండి. పెన్ను మాత్రం నా చేతికివ్వకండి.