మన స్టేషను కాటా

చెల్లీ శాంతీ,

దేవుని దయవల్ల అందరం బాగున్నాం, బెంగపడకు. మన స్టేషన్ని పడగొట్టడం లేదే! పాత కట్టడంగా కాపాడతారట. ఈ రోజు పండగలా చేసి స్టేషను బొమ్మతో తపాలా ముద్ర వేస్తున్నారు, అందుకే ఫోను మాని కార్డు రాస్తున్నాను.

పార్సిళ్లు తూచే కాటా గుర్తుందిగా? ఊళ్లో పిల్లలందరినీ మొదటి పుట్టినరోజుకి దానిమీదే కూర్చోబెట్టేవాళ్లు. ఇవాళ వచ్చిన రైల్వే ఆఫీసరుగారు పాతిక కిలోల బియ్యం సంచి పెట్టించి చూసి, "ఇది కిలో ఎక్కువ చూపిస్తోందండీ, బాగుచేయిస్తాం" అన్నారు. ఎదురింటి జానకమ్మ పిన్నిగారు ఊరుకుంటారా? "వద్దు బాబూ! మా పిల్లలంతా ఆ కిలోతోనే బొద్దుగా పెరిగారు. ఇప్పుడు సరిచేస్తే మనవలు చిక్కిపోరూ?" అనేశారు. ఆయన పగలబడి నవ్వి అలాగే ఉంచెయ్యమన్నారు.

మరిదిగారి మోకాలి నొప్పి తగ్గిందా? ఎండు రొయ్యలు పంపనా? వచ్చే నెల బుజ్జిదానికి ఏడాది నిండుతుందిగా, గుడివాడలో బండి మారి తీసుకొచ్చెయ్. పిల్ల బక్కగా ఉందని దెప్పుతున్న మీ అత్తగారిని కూడా వెంటబెట్టుకు రా, ఆవిడ కళ్లెదుటే తూయిద్దాం.

బుజ్జిదానికి ముద్దులు, మరిదిగారికి వందనాలు. ఈ కార్డు మాత్రం అత్తగారి కంటబడనీకు.

మీ అక్క,
సరళ