ఐదు గ్రాముల నెయ్యి

మైత్రీ,

హుస్నాబాద్‌ల పని పడ్డది, ఎనిమిదింటి బస్సుకు పోతున్న. పప్పు పొయ్యి మీదున్నది, వేడి చేసుకొని తిను. దాంట్ల నెయ్యి వెయ్యలేదు, ఒట్టు. పక్కన చిన్న గిన్నెల ఐదు గ్రాములు విడిగ పెట్టిన. నీ కాంటా మీదనే తూచిన. నలభై ఐదు క్యాలరీలట. అంతకు సరిపోను నీ అన్నంల ముప్పై ఐదు గ్రాములు తీసేసిన, నీ లెక్క తప్పదు. డాక్టరమ్మ ఏమన్నది? బరువు తగ్గాల్నంటే అన్నం తగ్గించు గాని, నూనె, నెయ్యి మొత్తం బంద్ పెట్టొద్దన్నది. పొద్దుగాల నీ దువ్వెనకున్న వెంట్రుకలు చూస్తే నాకు భయమైతుంది.

మొన్న నీకు చెప్పకుండ పప్పుల నెయ్యి కలిపిన, తప్పే. గా దినం నుంచి నేను వండింది నువ్వు ముట్టుకుంటలేవు. నువ్వు వేరుగ వండుకున్న డబ్బా పట్టుకొని అర్రలకు పోతున్నవు. నేను టీవీ పెట్టుకొని తింటున్న. దాంట్ల ఏమొస్తుందో కూడ చూస్తలేను. ఇంట్ల ఒక మనిషి గొంతు వినపడాలని పెడుతున్న.

మహేందర్

ఇంకొకటి. రాత్రికి నాకు కూడ నీ కాంటా మీదనే తూచి పెట్టు. ఎంత తక్కువైనా సరే, ఎదురుగ కూసొని తిందాం.