రుమాలు లేని బేరం

కొమ్రమ్మా,

ఎట్లా ఉన్నావు? నేను బాగానే ఉన్నాను. మోకాళ్ళు తప్ప మిగతా మనిషినంతా బాగున్నాను. నువ్వు పోయి మూడేళ్ళు దాటింది. బర్రెల లెక్కలో చెప్పాలంటే రెండు ఈతలు. ఉత్తరానికి ఇన్నాళ్ళెందుకు పట్టిందని అడగకు... రాయదగ్గ కబురు ఇప్పటికి దొరికింది.

మన కోడలు సరోజన బర్రెను కొన్నది.

ఇంతేనా అంటావు. ఆగు. మేం కొనిచ్చింది కాదు, తనే కొన్నది. నర్సంపేట వారపు అంగడిలో, అందరి ముందర, నలభై ఏళ్ళు పశువుల బేరాలు కుదిర్చిన నన్ను పక్కకు జరగమని చెప్పి మరీ కొన్నది.

నీకు తెలియంది కాదు గాని చెప్పకుండా ఉండలేను. మా బేరానికి నోరు పనికిరాదు. అమ్మేవాడి చేతిలో నా చెయ్యి, పైన రుమాలు. ఒక వేలు నొక్కితే ఒక ధర, నాలుగు వేళ్ళు నొక్కితే ఇంకో ధర. పక్కన నిలబడ్డవాడికి తెలియదు. ఒక్కోసారి కొనుక్కునే ఆసామికే తెలియదు! మగవాళ్ళ చేతులు కలిస్తేనే బేరం కాబట్టి, ఆడవాళ్ళు అంగడికి వచ్చినా కూరగాయల దగ్గరే ఆగిపోయేవాళ్ళు. ఈ విద్య నాకు మీసాలు రాకముందే మా నాయన నేర్పాడు. మన పెళ్ళినాటికి అలవాటు ఎంత ముదిరిందో నువ్వే వాడకట్టంతా చెప్పి నవ్వించేదానివి... "లగ్గంల నా చెయ్యి వట్టుకొని నాలుగు వేళ్ళు నొక్కిండు పిన్నీ, నన్ను ఎంతకు బేరం జేసిండో!"

నిజంగా నొక్కానా? నాకైతే గుర్తు లేదు.

సరే, దారి తప్పాను.

చిన్న రైతుల స్కీము కింద మనకు బర్రె వచ్చిన ఏడు గుర్తుందా? నా పేరు మీద అప్పటికే బాయి మోటారు లోను ఉందని నీ పేరు రాయించాను. వేలిముద్ర వేయడానికి నిన్ను బ్యాంకుకు తీసుకెళ్ళాను. బర్రెను చూడడానికి మాత్రం తీసుకెళ్ళలేదు. ఆ ఆలోచనే రాలేదు, ఒట్టు. నేను తోలుకొచ్చిన బర్రెకు ఒక చన్నులో పాలే రావు. పిండడానికి కూర్చున్న మొదటి పూటే నీకు తెలిసిపోయింది. చెంబు కింద పెట్టి అడిగావు, "బర్రెను జూసి కొన్నవా, బర్రెను తోలుకొచ్చినోన్ని జూసి కొన్నవా?"

ఇన్నేళ్ళకు జవాబు రాస్తున్నాను. వాణ్ణి చూసే కొన్నాను. పాత దోస్తు. పైగా వాడి దగ్గర కమీషను కూడా తీసుకున్నాను.

మూడు చన్నుల పాలతోనే ఇల్లు నడిపావు. "పేరు నాదట, పేడ నాదట, బేరం మటుకు ఈయనదట" అని బర్రెతో చెప్పుకునేదానివి, నాకు వినబడేట్టు. తర్వాత ఒకరోజు నీకు మాటమాత్రం చెప్పకుండా దాన్ని అమ్మేశాను. ఆ రోజు మాత్రం నువ్వు ఏమీ అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది...

ఈ ఏడు మన ఊరి ఆడవాళ్ళు పాల సంఘం పెట్టుకున్నారు. స్కీము తీరు కూడా మారింది. ఆఫీసరమ్మ వచ్చి, ఎవరి పేరు మీద లోను తీసుకుంటారో ఆ మనిషే వచ్చి బర్రెను ఎంచుకోవాలని చెప్పింది. మన కొడుకు మల్లేశం పెళ్ళాం మీద గొణిగాడు, "బాపు ఉండంగ ఈమెకేం ఎరుక?" సరోజన ఊరుకుంటుందా? "మామ బర్రెలను కొన్నడు. పిండింది అత్తమ్మ" అన్నది. నీ పోలిక దానికి ఎక్కడినుంచి వచ్చింది? నువ్వు కన్న పిల్ల కూడా కాదు కదా!

అంగడికి ఇంకో నలుగురు ఆడవాళ్ళతో వచ్చింది, చేతిలో చెంబు, భుజాన కొత్త పగ్గం. పొద్దటి పాలు పిండకుండా తోలుకొస్తే ఏ పొదుగైనా కుండలా కనిపిస్తుంది. ఆ కిటుకుతో ఎంతమందిని మోసం చేశామో దేవుడికి తెలుసు. సరోజన ఒక బర్రె దగ్గర కూర్చుని నాలుగు చన్నులూ చివరి చుక్కదాకా పిండింది. అమ్మే మీసాలాయన మురిసిపోయాడు. ఈమె చెంబు పక్కన పెట్టి, "పొద్దుగూకంగ మల్ల పిండుత. అప్పుడు మాట్లాడుదాం" అని అక్కడే సద్ది మూట విప్పింది. ఆయన మీసాలు వాలిపోయాయి. అయినా బర్రె మంచిదే. సాయంత్రం చెంబు మళ్ళీ నిండింది.

ఇక బేరం. ఆయన రుమాలు తీసి చెయ్యి నాకు చాచాడు. నా చెయ్యి అప్పటికే వెళ్ళిపోయింది! అలవాటు కొమ్రమ్మా, ఏం చేయను?

"మామా, నీ చెయ్యి పక్కకు దియ్యి" అన్నది సరోజన.

"ఆడమనిషి చెయ్యి నేనెట్ల వట్టుకోవాలె?" అన్నాడాయన.

"చెయ్యెవలు వట్టుమన్నరే అన్నా? నోరున్నది గద!" అని తన ధర గట్టిగా చెప్పేసింది.

మా వాళ్ళు, తోటి బేరగాళ్ళంతా నా వైపే చూశారు. నేను ఒక్క మాట అంటే చాలు, బేరం మళ్ళీ నాదే, బర్రె మళ్ళీ పేరుకే సరోజనది. ఏం చేశాననుకున్నావు? నా రుమాలు దులిపి, కింద పరిచి, దాని మీద కూర్చున్నాను. మోకాళ్ళ నొప్పి అనుకున్నారు. కొంత అదీ ఉంది.

ఆ తర్వాత చూడాల్సింది! ఆయనొక మాట, ఈమె ఒక మాట, వెనక నలుగురు ఆడవాళ్ళు నాలుగు మాటలు. ధర వీధిన పడ్డాక మిగతా నలుగురూ నోటితోనే బేరాలు చేసుకున్నారు. "నీ కోడలు మా పొట్ట గొట్టిందే రాజన్నా" అన్నారు మా వాళ్ళు. మీ కోడళ్ళు ఇంకా రాలేదు, సంబరపడండి అన్నాను.

పశువుల డాక్టరు బర్రె చెవికి బిళ్ళ వేశాడు. కాగితం మీద సరోజన సంతకం పెట్టింది. అయినా నాకు లోపల దిగులే... నీ కాగితం కూడా సరిగ్గానే ఉండె కదా?

మొన్న ఒకాయన ఇంటికొచ్చి బర్రెను అమ్ముతారా అన్నాడు. మంచి ధరే చెప్పాడు. నేనూ మల్లేశం వాకిట్లో ఉన్నాం. మల్లేశం నోరు తెరిచాడు. వాడన్నాడు, "నన్నడిగితే ఏమొస్తది? సరోజననడుగు."

సరోజన కొట్టంలోంచి తల కూడా బయట పెట్టలేదు. "అది అమ్మేది గాదు" అన్నది. వచ్చినాయన చాయ్ తాగి వెళ్ళిపోయాడు.

ఇప్పుడు ఈ ఇంట్లో నా కొలువేమిటో తెలుసా? పాలు పిండేటప్పుడు దూడను పట్టుకోవడం. కోడలు పెట్టుకున్న జీతగాణ్ణి. నలభై ఏళ్ళ అనుభవానికి ఇంతకన్నా పెద్ద నౌకరీ ఇవ్వనన్నది. నవ్వకు.

నువ్వున్న చోట అంగడి ఉందా? ఉంటే నేను వచ్చేదాకా ఆగకు. నువ్వే చూసి, నీకు నచ్చిందే కొనుక్కో. నేను వచ్చాక దూడను పట్టుకుంటాను.

నీ
రాజయ్య