నూటపద్నాలుగో వయల్

2026 ఫిబ్రవరి 2, సోమవారం

శుక్రవారానికి నైట్రోజన్ ట్యాంకు ఖాళీ కావాలట. అందులో గడ్డకట్టించి దాచిన రక్తకణాల సీసాల్లో టెస్ట్ చేయని వయల్స్ అన్నీ ఈ వారమే తీయాలని ల్యాబ్ ఇన్‌చార్జ్ నవీన మేడమ్ చెప్పింది. లిస్టులో చివరిది 114. ఏడాదిగా దాన్ని చివరికి తోస్తున్నది నేనే.

114 మా నాయన. ఆయన పోయాక ఇంకా ప్రాణంతో ఉన్నవి ఆ వయల్‌లోని కణాలే. ఒకసారి కరిగిస్తే అయిపోయినట్టే.

ఫిబ్రవరి 3, సాయంత్రం 6

కోవిడ్ టీకా వేయించుకున్న మూడేళ్లకు, 2024లో, ఆయన రక్తం నేనే తీశాను. తిరుమల ఘాట్‌లో ఇరవై ఆరేళ్లు బస్సు నడిపిన కుప్పయ్యకు సూదంటే హడల్. కళ్లు మూసుకుని, మొహం గోడకు తిప్పి, నా కోటు అంచు పట్టుకున్నాడు. ల్యాబ్ మొత్తానికీ డబ్బా నిండా నిప్పట్లు తెచ్చాడు. సూది దిగాక తను మాత్రం ఒక్కటీ తినలేకపోయాడు.

యాంటీబాడీలు తగ్గిపోయినా కొన్ని కణాలకు వైరస్ ఇంకా గుర్తుందా అని చూస్తామని చెప్పాను. స్టీరింగు వదిలి ఏడేండ్లాయె, ఇప్పుడు కూర్సోబెట్టినా ఏ వంపు యాడ వస్తాదో నా సేతులకు తెలుసు, అట్లనే కదా పాపా, అన్నాడు. నేను పాసైనానో ఫెయిలైనానో నువ్వే సెప్పాల, అని కూడా అన్నాడు. సరే అన్నాను. నాలుగు నెలలకు గుండెపోటుతో పోయాడు. ఆ మాట అట్లాగే ఉండిపోయింది.

ఫిబ్రవరి 4

తలనొప్పి అని అబద్ధం చెప్పి ఇంటికొచ్చేశాను.

ఫిబ్రవరి 5, ఉదయం 11

మేడమ్‌కు నిజం చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. టెస్ట్ వద్దనే హక్కు మీ ఇంటివాళ్లకు ఉంది, కావాలంటే వేరే ట్యాంకులో ఉంచుతాను అంది. అప్పుడొచ్చింది ఏడుపు. వద్దన్నాను. దాచుకుంటే ఆయన అడిగినదానికి జవాబు ఎప్పటికీ దొరకదు.

మధ్యాహ్నం 3

గోరువెచ్చటి నీళ్లలో రెండు నిమిషాలు. వయల్ కరిగింది. నీలి రంగు కలిపి మైక్రోస్కోప్‌లో చూశాను. చచ్చిన కణాలు రంగు పీల్చుకుంటాయి, బతికినవి తెల్లగా మెరుస్తాయి. నూటికి తొంభై మెరుస్తున్నాయి. గ్లవ్స్‌తోనే దండం పెట్టుకున్నాను. ప్లేటులో రెండు గుంటల్లో పోసి, ఒకదాంట్లో మాత్రం వైరస్ ముక్కలు కలిపి ఇంక్యుబేటర్‌లో పెట్టాను.

ఫిబ్రవరి 7

వైరస్‌ను గుర్తుపట్టిన ఒక్కో కణానికీ ప్లేటులో ఒక్కో చుక్క పడుతుంది. సొంతవాళ్లది కాబట్టి నన్ను లెక్కపెట్టనివ్వలేదు. మేడమే చూసింది. వైరస్ కలపని గుంటలో రెండు చుక్కలు. కలిపినదాంట్లో నలభై ఒకటి.

ఫిబ్రవరి 8, ఆదివారం

కొండ బస్సులో డ్రైవరు వెనక సీటు. ఒళ్లో నిప్పట్ల డబ్బా. మొదటి వంపు.

నాయనా, పాసైనావు.