చిన్నదీ కాదు, పెద్దదీ కాదు

జూన్ 3, మంగళవారం. రేపల్లె

స్లైసింగ్ మెషిన్ వచ్చింది. నలుగురం రోజంతా కోసే అరటికాయల్ని టిఫిన్ వేళకే కోసి పడేసింది. బ్లెస్సీ తన వేళ్ల మీది కత్తిగాట్లు చూసుకుంటూ నిలబడింది. ఇక నువ్వు ప్యాకింగ్ చూసుకో అన్నాను. ఇంకొంతమంది ఆడవాళ్లను పెట్టుకోవచ్చు. చిప్స్ ఎన్ని పంపినా తీసుకుంటామని తెనాలి షాపులవాళ్లు అంటున్నారు.

జూన్ 11

ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. ఇంటి వసారాలో వేయించినన్నాళ్లూ మా గడప తొక్కలేదు. షెడ్డు వేసి, మనుషులు పెరిగాక వచ్చాడు. పొగగొట్టం ఎత్తు చాలదట, రెండో తలుపు లేదట. మా ఆయన్ని బయటికి పిలిచి మాట్లాడాడు. అయాజ్ లోపలికొచ్చి, ఇచ్చేద్దాం సుమయా, అందరూ ఇచ్చేదే అన్నాడు. తలుపు పెట్టిద్దాం అన్నాను.

జూన్ 20

తలుపు పెట్టించాం. గొట్టం ఎత్తు పెంచాం. ఆ సంగతి చెప్పడానికి బాపట్లలో ఇన్‌స్పెక్టర్ ఆఫీసులో పొద్దుటి నుంచి కూర్చున్నాను. నా తర్వాత వచ్చిన ఒక పెద్ద ఫుడ్ కంపెనీ కన్సల్టెంట్ లంచ్ లోపే పర్మిషన్ పట్టుకుని వెళ్లిపోయాడు. సాయంత్రం గుమాస్తా జీవన్ కుమార్ గారు జాలిపడ్డారు.

"బాగా చిన్నోళ్లని అడగరమ్మా, వాళ్ల దగ్గరేముంటది. పెద్దోళ్లకి ఇయ్యన్నీ చూడ్డానికే ఒక మనిషుంటాడు. తేడా వస్తే పైనుంచి ఫోనొచ్చుద్ది. మీరు మధ్యలో దొరికారు."

"మరి మాలాంటోళ్లు ఏం చెయ్యాలండి?"

ఆయన బీరువాకి తాళం వేసుకున్నారు.

జూన్ 26

షెడ్డుకు సీలు వేశారు.

జూన్ 30

లోపల కొల్లూరు నుంచి తెప్పించిన అరటి గెలలున్నాయి. పచ్చివైతేనే చిప్స్‌కి పనికొస్తాయి. తలుపు సందులోంచి పండిన వాసన వస్తోంది. ఆడవాళ్లు రోజూ వచ్చి అరుగు మీద కూర్చుని వెళ్తున్నారు. అయాజ్ మాట్లాడటం లేదు. ఇవ్వనన్నది నిజాయితీతోనా, పంతంతోనా? నాకే తెలియడం లేదు. కూలి పోయింది మాత్రం వాళ్లకి.

జులై 14

యూనిట్ మూసేస్తున్నామని రాసిస్తే అదే రోజు సీలు తీశారు. మెషిన్ అమ్మేశాం. మళ్లీ వసారా, మళ్లీ కత్తిపీటలు. నలుగురినే పిలవగలిగాను. బ్లెస్సీ తనే తప్పుకుంది.

"వాళ్లని పెట్టుకో అక్కా. నేను బాపట్లలో ఆ పెద్ద చిప్స్ కంపెనీకెళ్తాలే."

ఆగస్టు 10, ఆదివారం

చర్చి నుంచి బ్లెస్సీ ఇటే వచ్చింది. మన వారం పని అక్కడ ఒక్క పూటలో అయిపోతుందట. జీతం టైముకి పడుతుందట. ఇన్‌స్పెక్టర్ వస్తే ఏసీ రూములో కూర్చోబెడతారట, కాఫీ తాగి వెళ్లిపోతాడట.

"అక్కడెవరూ కంగారుపడరక్కా" అంది.

ఆగస్టు 22

బజార్లో ఇన్‌స్పెక్టర్ ఎదురుపడ్డాడు. నన్ను గుర్తుపట్టలేదు. ప్రాణానికి హాయిగా అనిపించింది. ఇంటికొచ్చాక ఏడ్చాను.